పోయింది పుస్తెలతాడు, రాసింది గోల్డ్ చైన్

పోయిన శ్రావణంలో మా వీధి చివరింటి అక్కయ్య మెళ్లో పుస్తెలతాడు తెంపుకుపోయారు. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు పెడుతోంది. బండి మీద ఇద్దరు వచ్చారు. వెనక కూర్చున్నవాడు రైల్వే స్టేషనుకి ఎటు పోవాలని అడిగాడు. ఆవిడ తలెత్తింది. అంతే. డెబ్బై రెండేళ్ల మనిషి ముగ్గు చిప్ప మీదే బోర్లా పడింది. మెడ చుట్టూ చర్మం ఎర్రగా కోసుకుపోయింది. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. "తమ్ముడూ, ఆ పోలీసు స్టేషను సంగతులు నీకు తెలుసు కదా, కాస్త తోడు రా" అంది.

తెలియకేం? 1979లో కానిస్టేబుల్‌గా చేరి, ముప్పై నాలుగేళ్లు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగాను. అందులో పంతొమ్మిదేళ్లు స్టేషన్ రైటర్‌ని. వచ్చినవాళ్ల కష్టం విని కాగితం మీద పెట్టడమే నా పని.

స్టేషన్లో కుర్రాళ్లు మంచివాళ్లే, ఆ మాట ముందే చెప్పాలి. కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. మా రోజుల్లో ఆడమనిషికి అంత మర్యాద ఎప్పుడూ దొరికేదని చెప్పలేను. కానీ ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు ఇవి: "చైన్ స్నాచింగేనా అమ్మా? టైమెంత? ఎగ్జాక్ట్ స్పాట్ ఎక్కడ? చైన్ వెయిట్ ఎంత? అఫెండర్స్‌ని ఐడెంటిఫై చేయగలరా?" అక్కయ్య ప్రతి ప్రశ్నకీ నా మొహం చూసింది. నేను తెలుగులో చెబితే ఆవిడ తెలుగులో జవాబిచ్చింది. కుర్రాడు దాన్ని మళ్లీ ఇంగ్లీషు చేసి కంప్యూటర్లో కొట్టాడు. కాగితం బయటికొచ్చింది. "ఇక్కడ సైన్ చేయండమ్మా" అన్నాడు. చేసింది.

రిక్షా ఎక్కాక అడిగింది: "అందులో ఏం రాశారు తమ్ముడూ?"

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. పోయింది ఆవిడ సొత్తు. గాయం ఆవిడ మెడ మీద. సంతకం ఆవిడది. కాగితంలో ఏముందో మాత్రం ఆవిడకి తెలియదు.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. నాకు రాత నేర్పిన పాత రైటర్ గారొకాయన ఉండేవారు. పచ్చ సిరాతో ముత్యాల్లా రాసేవారు. మొదటిరోజే ఒక మాట చెప్పారు: "వచ్చినవాడు ఏ మాటతో చెబితే ఆ మాటే రాయి. రాశాక వాడి మాట వాడికే చదివి వినిపించు. వాడు తలూపితేనే వేలిముద్ర వేయించు." అది ఆయన మంచితనం మాత్రమే అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, చట్టమే అలా చెబుతోందని. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చెప్పినవారికి చదివి వినిపించాలనీ, దాని నకలు ఉచితంగా ఇవ్వాలనీ పాత నేరవిచారణ స్మృతిలో 154వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో అదే 173. అంకె మారింది, వినిపించాలన్న మాట మారలేదు. చదివితే మాత్రం ఏం లాభం? అర్థంకాని భాషలో చదివితే వినిపించినట్టా?

నేరాలకి మనకి పేర్లు లేవా అని కొత్త కుర్రాళ్లు నన్నడుగుతారు. ఎందుకు లేవు? ఎవరూ చూడకుండా తీసుకుపోతే దొంగతనం. బెదిరించో కొట్టో తీసుకుంటే దోపిడి. అయిదుగురు, అంతకు మించి కలిసి దోచుకుంటే బందిపోటు. శిక్షాస్మృతిలో థెఫ్ట్, రాబరీ, డెకాయిటీ అని మూడు మెట్లుగా పెట్టింది సరిగ్గా ఇదే. నమ్మి దాచమని ఇచ్చిన నగ మింగేస్తే నమ్మకద్రోహం. ఇప్పుడు దాన్ని క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ అంటున్నారు. తోడికోడలికి గాజులిచ్చి మోసపోయిన పల్లెటూరి ఆడమనిషితో ఆ నాలుగు ఇంగ్లీషు మాటలు అని చూడండి. నమ్మకద్రోహం అనండి, ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఇక దొంగల పేర్లకు కొదవేముంది? జేబుదొంగ, గజదొంగ, చిల్లరదొంగ, పశువుల దొంగ, ఇంటిదొంగ. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత దర్యాప్తు పాఠంలా పనిచేసేది మాకు. ఇంట్లో పెట్టె తాళం పగలకుండా నగ పోయిందంటే మా ఎస్సై గారు బయటికి వెళ్లకుండా వంటింటి వైపు చూసేవారు. అన్నిటిలోకీ కన్నపు దొంగ వేరు. మట్టిగోడకి కన్నం వేసి దూరేవాడు. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటి గోడకి కన్నం వేసేముందు ఏ ఆకారంలో వేయాలా అని ఆలోచించి, పూర్ణకుంభం ఆకారం ఎంచుకుంటాడు, కొలతకి జందెం వాడతాడు. అంత పాతది ఆ పని, అంత పాతది ఆ మాట. మట్టిగోడలు పోయి సిమెంటు వచ్చింది. అయినా ఇవాళ్టికీ పత్రికలు బ్యాంకుకు కన్నం అనే రాస్తున్నాయి, అందరికీ అర్థమవుతోంది. స్టేషన్లో మాత్రం అది హెచ్.బి. బై నైట్. హౌస్ బ్రేకింగ్ అన్నమాట.

నేను పరభాషల మీద కత్తి కట్టినవాణ్ణి కాను. మేం వాడిన మాటల్లో సగం ఉర్దూ, పారశీకాల నుంచి వచ్చినవే: ఫిర్యాదు, దర్యాప్తు, ఖైదు, జామీను, గస్తీ, జప్తు, పంచనామా, బందోబస్తు. ముద్దాయి సంగతి చూడండి. ఉర్దూలో ఆ మాటకి దావా వేసినవాడని అర్థం. మన కోర్టు గుమ్మంలోకి వచ్చేసరికి అర్థం తిరగబడి, నేరం మోపబడినవాడయ్యాడు. తిరగబడితే తిరగబడింది. ముద్దాయి అంటే మా ఊరి పాలేరుకీ తెలుసు, ప్లీడరు గారికీ తెలుసు. స్టేషను, ఎస్సై, వారంటు, బెయిలు, రౌడీషీటు కూడా అలాగే నోళ్లలో నాని మనవయ్యాయి. కేడీ అని ఊళ్లలో తిట్టుకుంటారే, అది మద్రాసు రాష్ట్రపు పోలీసు రిజిస్టరులోని నోన్ డెప్రిడేటర్‌కి పొట్టిపేరు. పాత దొంగల చిట్టాకి పెట్టిన అక్షరాలు అవి. జనం వాటిని లాక్కుని తమ మాట చేసుకున్నారు. ఫోర్ట్వంటీ గాడు అన్నదీ అంతే. మోసానికి శిక్షాస్మృతిలో 420వ సెక్షన్ ఉండేది, ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన న్యాయసంహితలో 318. అయినా మా వీధిలో ఎవడూ ఎవణ్ణీ త్రీ ఎయిటీన్ గాడని తిట్టడు.

ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్లే మన దగ్గర అప్పు చేశారు. లూట్, థగ్, డెకాయిట్ అని వాళ్లు రాసుకున్నవి హిందుస్తానీ నుంచి పట్టుకుపోయిన లూటీ, ఠగ్గు, డకాయిత్. ఇక్కడి జనం నోటి నుంచి విని, పలకడం చేతకాకపోయినా, ఉన్న మాటే పట్టుకున్నారు. స్టేషన్లో మాత్రం ఇవాళ మన నోటి మాటను పక్కనపెట్టి, జనం ఎన్నడూ వినని మాట తెచ్చి ఫిర్యాదిదారు నోట్లో పెడుతున్నారు. నా తగాదా దీంతోనే.

మాట మారితే ఏం పోతుందంటారు. ఏం పోతుందో ఒక కేసు చెబుతాను.

1983 ఎండాకాలం. డెల్టాలో ఒక ఊరు. అందరూ ఆరుబయట నిద్రపోతుండగా ఒక ఇంటికి వెనక గోడ నుంచి కన్నం పడింది. బట్టల పెట్టె, రెండు బిందెలు, ఒక ఇత్తడి గుండిగ పోయాయి. గ్రామ మునసబు గారు తెల్లవారకముందే రిపోర్టు రాసి తలారితో పంపారు. 1984లో ఆ మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి గానీ, ఆ రాత ఉండేదండీ, వాన పడ్డ పొలంలో అడుగుల్లా స్పష్టంగా ఉండేది. ఇంటి ముసలమ్మ గారు స్టేషన్‌కొచ్చి గుండిగ గురించి చెప్పడం మొదలెట్టింది. "నా పెళ్లినాడు మా నాయన ఇచ్చింది బాబూ. అంచు మీద మా అయ్య పేరు కొట్టించారు. అడుగున ఎడంపక్కగా తమలపాకంత నొక్కు. నా పెద్ద కొడుకు పాకుతూ నూతిగట్టు మీంచి తోసేశాడు. కళాయి పోస్తే ఆ నొక్కులోకి సరిగా దిగేది కాదు, అక్కడ నల్లగా ఉంటది." నేను అక్షరం వదల్లేదు. నాకే ఎందుకో విసుగొచ్చి ఒకసారి తలెత్తితే, మా పాత రైటర్ గారు పక్క బల్ల మీంచి "రాయి" అన్నారు.

రెండు నెలల తర్వాత పట్నంలో ఒక పాత సామాను కొట్లో సొత్తు దొరికింది. అంచు మీద అక్షరాలు ఆకురాయితో అరగదీసేశారు. అలాంటి గుండిగలే మరికొన్ని కలిపి వరసగా పెట్టి గుర్తుపట్టమన్నారు. ముసలమ్మ గారు అంచు వైపు చూడనేలేదు. ఒక్కొక్కటీ తిరగేసి అడుగు తడిమింది. మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది. కోర్టులో ముద్దాయి తరపు వకీలు పట్టుబట్టారు, ఈ నొక్కు కథ పోలీసులు తర్వాత నేర్పిందేనని. మేజిస్ట్రేటు గారు మొదటి కాగితం తీసి తనే చదివారు. తమలపాకంత నొక్కు. కళాయి దిగని నలుపు. ఇంక వాదనకి చోటు లేకపోయింది.

అదే ఇవాళ్టి రాతైతే ఎలా ఉంటుంది? బ్రాస్ వెసల్, ఒకటి. మొదటి కాగితంలో లేనిది తర్వాత చెబితే, దాన్ని ఒమిషన్ అంటారు, వకీళ్ల చేతిలో అదే ఆయుధం. పోలీసులకి చెప్పలేదు కదా, ఇప్పుడెందుకు చెబుతున్నావని సాక్షిని బోనులో నిలబెట్టి కడిగేస్తారు. పాపం ఆ మనిషి చెప్పే ఉంటుంది. రాసినవాడు ఆర్నమెంట్స్ అన్న ఒక్క మాటలో కాసులపేరునీ, జూకాలనీ, బేసరినీ, పలకసర్లనీ తోసేసి ఉంటాడు. నగకి పేరుంటే దొరుకుతుంది. గోల్డ్ ఐటమ్స్ అయిదు అని రాస్తే కంసాలికి ఏం చూపించి అడగాలి?

మా రోజులన్నీ బంగారమని నేను చెప్పడం లేదు. మేం రాసిన మాటల్లో తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి వణికేవి ఉన్నాయి. మానభంగం అని ఎన్ని కాగితాల మీద రాశానో. ఆ పిల్ల మానానికి ఏమైంది? నేరం చేసింది వాడైతే, భంగం ఆమెకి ఎలా అంటగట్టాం? అత్యాచారం అన్న మాట స్థిరపడ్డాక నా మనసు కుదుటపడింది. చేసినవాడి వైపు వేలు చూపించే మాట అది. ఇంగ్లీషుని అడక్కుండానే, మన భాషే తన తప్పు తాను దిద్దుకుంది. వేధింపు అన్న మాట కూడా అలాగే గట్టిపడింది. దానికి ముందు ఈవ్ టీజింగ్ అని ఒక ఇంగ్లీషు పేరుండేది, వినడానికి సరదాగా, ఏదో ఆటలా. ఆ పేరుతో ఎంతమంది తండ్రులు కేసు పెట్టకుండా ఇంటికి తిరిగి వెళ్లిపోయారో నాకు తెలుసు.

దొర చేసిన ఇంకో మాట ఉంది. క్రిమినల్ ట్రైబ్. 1871లో చట్టం చేసి, 1911లో మద్రాసు దాకా తెచ్చి, కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే నేరస్తులని రిజిస్టర్లలో ఎక్కించారు. 1952లో ఆ చట్టం పోయింది. మాట పోలేదు. నేను చేరిన నాటికి కూడా ఏ ఊళ్లో ఏ దొంగతనం జరిగినా ముందు అలాంటివాళ్లని తెచ్చి ఉంచిన స్టూవర్టుపురం పేరే ఎత్తేవాళ్లు. ఆ ఊరి పిల్లలు బళ్లో ఊరి పేరు చెప్పడానికి తలదించుకునేవారు. ఒక పేరు ఎంత పని చేస్తుందో నాకు అక్కడ తెలిసింది. అందుకే నిందితుడు, నేరస్తుడు అన్న రెండు మాటల మధ్య గీత మేం చెరగనిచ్చేవాళ్లం కాదు. నింద పడినవాడు నిందితుడు, రుజువైతేనే నేరస్తుడు. ఇప్పుడు టీవీ పెడితే ఏ1, ఏ2 అంటున్నారు. అవి చార్జిషీటులో పేర్ల పక్కన మేం వేసుకున్న అంకెలు, అంతకుమించి ఏం లేదు. నింద అన్న మాట వినిపించకపోయేసరికి, విన్నవాడికి వాడు అప్పుడే దోషి.

మేం చిన్నప్పుడు బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్లో కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు తెచ్చుకునేవాళ్లం. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు. ఆ నవలల్ని అపరాధ పరిశోధక నవలలు అనేవాళ్లు. ఎంత నిండైన మాట! ఆచూకీ, ఆనవాలు, వేలిముద్ర, కూపీ లాగడం, మాటు వేయడం, ఇవన్నీ నేను పోలీసులో చేరకముందే అక్కడ నేర్చుకున్నాను. పోలీసు జాగిలం అన్న మాట పత్రికల్లో చూస్తే ఇవాళ్టికీ నా ప్రాణం లేచివస్తుంది. ఇన్ని పోయినా అదైనా మిగిలింది.

అర్థంకాని మాట వల్ల నష్టం కోర్టులోనే కాదు, ఇళ్లలోకీ వచ్చింది. మా బావమరిది లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. నిరుడు ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి తలుపు గడియ పెట్టుకుని ఉన్నాడు. అరగంట కొడితే తీశాడు. చొక్కా తడిసిపోయి ఉంది. ఫోన్ తెర మీద యూనిఫాం వేసుకున్నవాడొకడు. డిజిటల్ అరెస్ట్, మనీ లాండరింగ్, నాన్ బెయిలబుల్ వారంట్, అకౌంట్ ఫ్రీజ్ అని ఏకధాటిగా ఇంగ్లీషులో దంచుతున్నాడు. గదిలోంచి కదలకూడదట, ఎవరితో మాట్లాడకూడదట. నేను ఫోన్ కెమెరాకి అందకుండా పక్కన నిలబడి, పాలచీటీ వెనక రాసి చూపించాను: "బావా, వాడు నిన్ను పట్టుకున్నానంటున్నాడు. పట్టుకున్నవాడు ఏడీ?"

చదివాడు. గది నాలుగు మూలలూ చూశాడు. నెమ్మదిగా ఫోన్ కట్టేశాడు.

అరెస్టంటే మనిషి ఒంటిమీద చెయ్యి వేయాలి, లేదా కదలకుండా నిలువరించాలి, లేదా అతనే మాటతోనో చేతతోనో లొంగిపోవాలి. పాత నేరవిచారణ స్మృతిలో ఇది 46వ సెక్షన్, ఇప్పుడు 43. వీడియోలో పట్టుకోవడం మన చట్టంలో ఎక్కడా లేదు. మా బావ అంత చదువుకున్నవాడు, లెక్కలో వెంట్రుకంత తప్పు పట్టుకునేవాడు, ఆ ఇంగ్లీషు మాటల ముందు చిన్నపిల్లాడైపోయాడు. పట్టుకోవడం అని తెలుగులో అనుకున్న క్షణంలో అబద్ధం బయటపడింది. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాను. డబ్బు ఇంకా వెళ్లలేదు, అదృష్టం. అలా పోగొట్టుకున్నవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ కనబడుతున్నారు నాకు. నిజమైన పోలీసు భాష మనకర్థమయ్యేలా ఉండి ఉంటే, దొంగ పోలీసు భాష అంత సులువుగా చెల్లేదా అని అడుగుతున్నాను.

అక్కయ్య దగ్గరికి వస్తాను. ఆ సాయంత్రం స్టేషన్‌లో ఇచ్చిన నకలు తీసి, ఒక్కో ముక్కా తెలుగు చేసి చదివాను. ఇద్దరు గుర్తుతెలియని నేరస్తులు, మోటారు సైకిల్ మీద వచ్చి, సుమారు ముప్పై రెండు గ్రాముల బంగారు గొలుసు ఒకటి లాక్కుపోయారు. ఆవిడ మధ్యలోనే చెయ్యెత్తింది.

"గొలుసేంటి తమ్ముడూ? పుస్తెలతాడు కదా."

"దాన్నే అలా రాశారు."

"పుస్తెల మాటే లేదా?"

లేదు. పుస్తెలూ లేవు, నల్లపూసలూ లేవు. నేను తెల్లకాగితం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ రైటర్‌గా కూర్చున్నాను. చెప్పమన్నాను. నాలుగు కాసుల తాడు. రెండు పుస్తెలు, ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది. అత్తింటి పుస్తె అంచు కొంచెం అరిగింది, ఆవిడ అత్తగారు తన పాత నగ కరిగించి చేయించినప్పుడే పలచనట. మధ్యలో రెండు పగడాలు, ఒకదానికి చీలిక. నల్లపూసలు ఒక వరస. వెనక కొక్కెం ఊడిపోతే పోయిన సంక్రాంతికి పసుపుదారంతో కట్టింది. మరునాడు ఆ కాగితం పట్టుకుని ఇద్దరం మళ్లీ వెళ్లాం. కుర్రాడు చదివాడు, మారు మాట్లాడకుండా అదనపు వాంగ్మూలంగా చేర్చుకున్నాడు, ఆవిడకి తనే గట్టిగా చదివి వినిపించాడు కూడా.

తెంపుకుపోయాడు అన్న దగ్గర ఆవిడ ఆపింది. "తెంపలేదు బాబూ. దారం ముడి దగ్గర ఊడింది. తాడు తెగలేదు. అలాగే ఉంటుంది చూడు, ఎక్కడున్నా."

కుర్రాడు కొట్టేసి, దిద్ది, మళ్లీ చదివాడు. ఆవిడ తలూపింది.